హార్మోనులను చెఱచు రసాయనములు – వానిని పరీక్షించు విధము

పురుగు మందు డబ్బాపై నుండు రంగు గుఱుతును మన రైతు సోదరులందఱును ఎఱుగుదురు. ఎఱుపు మిక్కిలి తీవ్రమైన విషమునకు, పసుపు దానికి తరువాతి దానికి, నీలము మధ్యరకమునకు, ఆకుపచ్చ స్వల్పమైన దానికి గుఱుతులు. ఈ గుఱుతును చూచి కొందఱు, "ఇది పచ్చగుఱుతు మందు గదా, దీనితో భయమేమి?" యని చేతితోడనే కలిపి, ఇంటిలోని స్త్రీలచేతను పిల్లలచేతను నీళ్లు మోయించి, పిచికారి చేయుచున్నారు. ఈ నమ్మకము ఎంతవఱకు సరియైనదో విచారించుట యీ పాఠము యొక్క ఉద్దేశము.

ఆ రంగు ఎట్లు నిర్ణయింపబడునో మొదట తెలిసికొనవలెను. మందును ఎలుకలకు నోటి ద్వారా నిచ్చి, వానిలో సగము చచ్చుటకు కిలో శరీరపు బరువునకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టునో లెక్కింతురు. 50 మిల్లీగ్రాములలోపుననే సగము చచ్చినచో ఎఱుపు. 51 మొదలు 500 వఱకు పసుపు. 501 మొదలు 5000 వఱకు నీలము. 5000 దాటినచో ఆకుపచ్చ. చర్మము ద్వారా సోకు విషమునకు వేఱు లెక్క కలదు. అనగా నీ గుఱుతు "దీనిని మ్రింగినవాడు నేడు చచ్చునా, బ్రతుకునా?" యను ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పును. "దీనిని కొంచెము కొంచెముగా పదేండ్లు పీల్చినవాని సంతానము ఎట్లుండును? గర్భమునందున్న శిశువు ఎట్లు పెరుగును?" అను ప్రశ్నలకు ఆ గుఱుతులో జవాబు లేదు. ఆ జవాబును వేఱు పరీక్షల వలన తెలిసికొనవలసి యున్నది.

1. హార్మోనులనగా నేమి?

కోడెదూడకు చిన్నతనముననే వృషణములు నొక్కించినచో అది ఎద్దగును; విడిచిపెట్టినచో ఆబోతగును. రెండింటికిని ఒకే గడ్డి, ఒకే కుడితి. ఐనను ఆబోతునకు మూపురము బలిసి మెడ లావెక్కును, ఱంకె వేయును, ఆవుల వెంటబడును. ఎద్దు శాంతముగా కాడి మోయును. తీసివేసినది చిన్న అవయవమే యైనను మార్పు ఒడలంతయు కనబడుచున్నది. ఏల?

దీనికి జవాబు వెదకి, జర్మనీ దేశమున గోట్టింగెన్ నగరమందు బెర్తోల్డ్ అను పండితుడు 1849లో ఆఱు కోడిపుంజులతో ఒక ప్రయోగము చేసెను. వృషణములు పూర్తిగా తీసివేసిన పుంజులకు ఎఱ్ఱని జుట్టు వాడిపోయెను. కూతయు పోరును తగ్గెను. తీసిన వృషణమును మరల కడుపులో నుంచిన పుంజులు మాత్రము మునుపటివలెనే జుట్టుతో, కూతతో, పౌరుషముతో తిరిగెను. అట్లు ఉంచిన వృషణమునకు పాత నరముల సంబంధము లేదు. క్రొత్త రక్తనాళములు మాత్రమే అల్లుకొనెను. కావున వృషణము నుండి ఏదో యొక పదార్థము రక్తములో కలిసి ఒడలంతయు తిరిగి పనిచేయుచున్నదని ఆయన గ్రహించెను. ఇట్టి పదార్థములకు 1905లో ఇంగ్లండు దేశపు స్టార్లింగ్ పండితుడు "హార్మోను" అను పేరు వాడుకలోనికి తెచ్చెను.

గొంతునందున్న థైరాయిడు గ్రంథి శరీరపు వేడిమిని, పెరుగుదలను, శిశువు మెదడు యొక్క వృద్ధిని నడపు హార్మోనును చేయును. అండాశయము స్త్రీ హార్మోనును, వృషణము పురుష హార్మోనును చేయును. తలలోని పిట్యూటరీ గ్రంథి వీనిపై మేస్త్రి. ఈ హార్మోనులు పనిచేయు మోతాదులు ఆశ్చర్యకరములు. ఈస్ట్రడయోల్ అను స్త్రీ హార్మోను లక్షకోట్ల పాళ్ల రక్తమునందు కొన్ని పదుల లేక వందల పాళ్లు మాత్రమే యుండును. అంత స్వల్ప పరిమాణముతోనే ఋతుక్రమమును, గర్భధారణమును నడుపుచున్నది. స్వల్పముతో నడచు యంత్రమును స్వల్పముతోనే చెఱుపవచ్చునను భయము ఇక్కడనే పుట్టుచున్నది.

2. చెఱచు విధములు నాలుగు

మన కాలువ ఉదాహరణముతో దీనిని సులభముగా గ్రహింపవచ్చును. కాలువ తూమునొద్ద లస్కరు కాచుకొని యుండును. కార్యాలయము నుండి చీటి వచ్చిన గాని అతడు తలుపు ఎత్తడు. హార్మోను ఆ చీటి వంటిది. ఒడలిలోని కణమునందు ఆ చీటిని అందుకొను గ్రాహకము లస్కరు వంటిది. ఈ యేర్పాటును నాలుగు విధములుగా పాడుచేయవచ్చును.

మొదటిది, దొంగచీటి. ఎవడో చీటిని పోలిన కాగితము తెచ్చియిచ్చిన లస్కరు మోసపోయి తలుపెత్తును. వేళ గాని వేళ చేలు మునుగును. బిస్‌ఫినాల్-ఏ అను రసాయనము స్త్రీ హార్మోనువలె పనిచేయునని 1936లోనే ఇంగ్లండు దేశపు డాడ్స్, లాసన్ అను పండితులు కనుగొనిరి. తరువాతి కాలమున దానితోనే గట్టి ప్లాస్టిక్కును, డబ్బాల లోపలి పూతను చేయసాగిరి. ఆహారము తగులు వస్తువులలో దానిని నిషేధింప ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరున నిర్ణయించినది.

రెండవది, లస్కరు చేయి పట్టుకొనుట. నిజమైన చీటి వచ్చినను అతడు తలుపెత్తలేడు. డి.డి.టి. ఒడలిలో మారగా నేర్పడు డి.డి.ఇ. అను పదార్థము పురుష హార్మోను గ్రాహకమును ఇట్లు అడ్డగించునని 1995లో వెల్లడియైనది.

మూడవది, కార్యాలయమునందు చీటి వ్రాయనీయకుండుట; అనగా గ్రంథిలో హార్మోను తయారగుటనే ఆపుట. నాలుగవది, చీటిని దారిలో చింపివేయుట. అనగా కాలేయమును పురికొల్పి, ఉన్న హార్మోనును వేగముగా నశింపజేయుట.

నాలుగింటిలో నేది జరిగినను తుదకు పొలమునకు నీరు తప్పును. ఐతే ఏది జరిగినదో తెలిసికొన్నగాని సరియైన పరీక్ష దొరకదు.

3. గొఱ్ఱెలు, పుంజులు, మనుష్యులు నేర్పిన పాఠములు

ఈ శాస్త్రమునకు మొదటి సాక్షులు రైతుల పశువులే యని చెప్పవచ్చును. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1940ల దశకమున ఒక జాతి క్లోవరు పచ్చికను మేసిన గొఱ్ఱెలు ఈనుట మానెను; కొన్నింటికి ఈత కష్టమై గర్భసంచి జాఱెను; వృషణములు తీసిన పోతులకు సైతము పొదుగు చేపెను. 1946లో దీనిని గూర్చి వివరముగా ప్రకటించిరి. ఆ పచ్చికలోని యొక పదార్థము గొఱ్ఱె కడుపులో మారి, స్త్రీ హార్మోనువలె పనిచేయుచున్నదని తరువాత తేలెను. విషమని పేరులేని మేతయే మందను గొడ్డువోగొట్టెను.

1950లో అమెరికా దేశమున బర్లింగ్టన్, లిండెమన్ అను నిరువురు లెగ్‌హార్ను జాతి పుంజుపిల్లలకు డి.డి.టి. ప్రతిదినము ఎక్కించి చూచిరి. పుంజులు చావలేదు. కాని వాని వృషణములు మిక్కిలి చిన్నవై నిలిచిపోయెను, జుట్టు పెరుగలేదు. బెర్తోల్డ్ కత్తితో చేసినదానిని ఇక్కడ పురుగు మందు చేసెను. చావును మాత్రమే లెక్కించు పరీక్షలో ఈ పుంజులన్నియు "క్షేమము" అను పట్టీలో చేరియుండెడివి.

మనుష్యుల విషయమున అన్నిటికంటె దుఃఖకరమైన సాక్ష్యము డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అను మందు. 1938లో దీనిని కృత్రిమముగా తయారుచేసిరి. గర్భస్రావము నాపునని నమ్మి ఎందఱో గర్భవతుల కిచ్చిరి. అది గర్భస్రావము నాపదని 1953లోనే ఒక పరీక్షలో తేలినను వాడుక మానలేదు. 1971లో బోస్టన్ నగరపు వైద్యులు ఎనిమిది మంది యువతులకు వచ్చిన అరుదైన యోని పుండును విచారింపగా, వారిలో ఏడుగురి తల్లులు గర్భముతో నున్నప్పుడు ఈ మందు మ్రింగినవారే. తల్లికి ఏమియు కాలేదు; కుమార్తెకు పదునైదు, ఇరువది యేండ్ల తరువాత కీడు మూడినది. గర్భమునందు కొన్ని వారములు మాత్రమే తెఱచియుండు కిటికీ యొకటి కలదనియు, ఆ వేళ సోకినది జీవితాంతము దిద్దుకొనరానిదనియు ఈ యుదంతము వలన లోకమునకు తెలిసెను. వరిపొట్ట దశలో ఒక్క వారము నీరు తప్పినచో తరువాత ఎంత నీరు పెట్టినను తాలు గింజ పాలుపోసుకొననట్లే యిదియును.

4. తీర్పునకు మూడు ప్రశ్నలు

ఒక రసాయనమును "హార్మోనులను చెఱచునది" యని ముద్రవేయుటకు ఊరక అనుమానము చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున 2002లో చేసిన నిర్వచనము ననుసరించి మూడు ప్రశ్నలకు జవాబు కావలెను. ఒకటి: పూర్తి ప్రాణియందు గాని, దాని సంతానమునందు గాని నిజమైన హాని కనబడినదా? రెండు: ఆ రసాయనము హార్మోను ఏర్పాటును మార్చుచున్నదా? మూడు: ఆ మార్పు వలననే ఈ హాని కలిగినదా? ఐరోపా సమాఖ్య 2018లో పంట మందుల కేర్పఱచిన ప్రమాణములును ఈ మూడింటిపైననే నిలిచియున్నవి.

మూడవ ప్రశ్న ఏల ముఖ్యమో ఒక యుదాహరణమువలన తెలియును. డి.బి.సి.పి. అను నులిపురుగుల మందును తయారుచేయు కాలిఫోర్నియా కర్మాగారమున పనివాండ్రు పలువురకు సంతానము కలుగుట లేదని 1977లో బయటపడెను. వారి వీర్యకణములు నశించియుండెను. హాని నిస్సందేహము. ఐతే ఆ మందు ప్రధానముగా హార్మోను మార్గమున గాక, వీర్యము పుట్టు కణములనే నేరుగా చంపుచుండెను. కావున అది చక్కని నిర్వచనమునకు లోబడకపోయినను భయంకరమైన విషమే. "హార్మోనులను చెఱచునది కాదు" అన్నమాట "క్షేమమైనది" అన్నమాట కాదని రైతులు గుర్తుంచుకొనవలెను.

మఱొక చిక్కు కలదు. మేత చాలని పెయ్య ఆలస్యముగా ఎదకు వచ్చునని మనమెఱుగుదుము. అట్లే పరీక్షలో మితిమీరిన మోతాదు నిచ్చినచో ఎలుక తిండి మాని చిక్కిపోయి, దానివలననే యుక్తవయస్సు ఆలస్యము కావచ్చును. అది హార్మోను దోషము కాదు, ఆకలి దోషము. మంచి పరీక్షకులు శరీరపు బరువును గూడ చూచి, ఈ రెంటిని వేఱుపఱతురు.

5. పరీక్షల మెట్లు

అనేక దేశముల ఆర్థిక సహకార సంస్థ యైన ఓ.ఇ.సి.డి. ఈ పరీక్షలను ఐదు మెట్లుగా నమర్చినది.

మొదటి మెట్టున క్రొత్త ప్రయోగములు లేవు. అంతవఱకు తెలిసిన సంగతులను ప్రోగుచేసి, ఆ రసాయనపు ఆకృతి ఏ హార్మోనును పోలియున్నదో చూతురు.

రెండవ మెట్టున గాజుపాత్రలో పెంచిన కణములపై పరీక్షింతురు. ఇది చౌక, వేగము. కాని గాజుపాత్రకు కాలేయము లేదు. విన్‌క్లోజొలిన్ అను తెగులు మందు విషయమున పురుష హార్మోను గ్రాహకమును గట్టిగా అడ్డగించునవి ఆ మందు ఒడలిలో మారిన పిదప ఏర్పడు పదార్థములని 1994లో తేలెను. కావున ఈ మెట్టున "లేదు" అని వచ్చిన జవాబును తుదితీర్పుగా తీసికొనరాదు.

మూడవ మెట్టున ప్రాణులపై చిన్న పరీక్షలు చేయుదురు. ఈడురాని ఆడ ఎలుకలకు మూడు దినములైనను మందిచ్చి గర్భసంచిని తూతురు. బరువు పెరిగినచో దొంగచీటి పనిచేసినదని తాత్పర్యము. వృషణములు తీసిన మగ ఎలుకలకు పది దినములు మందిచ్చి ఐదు అవయవముల బరువు చూతురు. ఇది బెర్తోల్డ్ పుంజుల పరీక్షకు మనుమడు వంటిది.

ఇంకొక పరీక్ష మన చెఱువుగట్టున చూచెడి వింతపైననే ఆధారపడినది. తోకకప్ప కాళ్లు మొలిచి, తోక కరగి కప్పగుటకు థైరాయిడు హార్మోను కావలెను. 1912లో గూడర్నాచ్ అను పండితుడు తోకకప్పలకు థైరాయిడు గ్రంథి మేపగా అవి వేళకు ముందే చిన్న కప్పలైనవి. నేడు ఆఫ్రికా జాతి తోకకప్పలను 21 దినములు మందు కలిపిన నీటిలో నుంచి, వెనుక కాళ్లెంత పెరిగినవో కొలిచి, థైరాయిడు గ్రంథిని సూక్ష్మదర్శినితో చూతురు. కాళ్లు రాక తోకతోనే నిలిచిపోయినచో ఆ మందు థైరాయిడును అడ్డగించుచున్నదను అనుమానము బలపడును. మగచేపల రక్తములో గ్రుడ్డు సొనకు సంబంధించిన మాంసకృత్తు కనబడునా యని చూచుట మఱియొక పరీక్ష.

నాలుగవ, ఐదవ మెట్లు దీర్ఘములు. తల్లిదండ్రులకు మందిచ్చి, గర్భమునందును పాలు త్రాగునప్పుడును పిల్లలకు సోకనిచ్చి, పిల్లలు ఎదిగి ఈనువఱకు చూతురు. మగపిల్లల అంగములు సక్రమముగా నేర్పడినవా, ఈడు ఎప్పుడు వచ్చినది, ఎన్ని పిల్లలు పుట్టినవి, థైరాయిడు హార్మోనెంత యున్నది మొదలగు సంగతులన్నియు లెక్కింతురు. నిజమైన హాని యిక్కడనే తేలును. వ్యయమును కాలమును అధికములగుట చేత అన్ని రసాయనములను ఈ మెట్టువఱకు తెచ్చుట దుర్లభముగా నున్నది.

ఇందువలననే పని నిదానముగా సాగుచున్నది. అమెరికా దేశమున 1996లో శాసనము చేసిరి. పదునొకండు పరీక్షల వరుస నొకటి యేర్పఱచిరి. 67 రసాయనములను పరీక్షింపుడని ఉత్తరువులు వెలువడుట 2009లో మొదలాయెను. వానిలో 52 రసాయనముల ఫలితములు 2015లో ప్రకటింపబడెను. శాసనమునకును ఫలితములకును నడుమ ఒక బిడ్డ పుట్టి పెండ్లియీడునకు వచ్చునంత కాలము గడచినది.

6. పచ్చగుఱుతు మందు కథ

ఇప్పుడు మన సంఘపు దుకాణములందు సైతము దొరకు మాంకోజెబ్ అను తెగులు మందును తీసికొందము. మిరప, వేరుశనగ, టొమాటో మొదలగు పంటల ఆకుమచ్చలకు దీనిని చల్లుదురు. ఎలుకలకు నోటి ద్వారా నిచ్చినప్పుడు కిలోకు 5000 మిల్లీగ్రాములు దాటినను సగము చావవు. కావున లెక్కప్రకారము పచ్చగుఱుతు మందు.

ఈ మందు విడిపోయినప్పుడు ఇథిలీన్ థయోయూరియా అను పదార్థము పుట్టును. ఒడలిలో గాని, వేడిలోను తడిలోను నిలువయున్న పొడిలో గాని, అవశేషము గల కూరను వండినప్పుడు గాని యిది యేర్పడును. థైరాయిడు హార్మోనుకు ముఖ్యమైన ముడిసరకు అయొడిను. ఆ అయొడినును చేర్చు పెరాక్సిడేజు అను ఎంజైమును ఈ పదార్థము అడ్డగించును. అనగా ఇది మన మూడవ విధము: చీటి వ్రాయనీయకుండుట. హార్మోను తగ్గగా, మేస్త్రి యగు పిట్యూటరీ "ఇంకను చేయుము, ఇంకను చేయుము" అని థైరాయిడును తొందరపెట్టును. గ్రంథి ఉబ్బి గళగండమగును. ఎలుకలలో నిది స్పష్టముగా చూచిరి. మూడు ప్రశ్నలకును వరుసగా జవాబు దొరికినది.

ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరున మాంకోజెబ్ అనుమతిని మరల నీయకుండ నిర్ణయించెను. మనుష్యుల హార్మోనులను చెఱచు ప్రమాణములకు లోబడుట, సంతానోత్పత్తికి హానికరమని వర్గీకరింపబడుట, వాడువారికి సోకు మోతాదు హద్దు మీఱుట ఆ నిర్ణయమునకు కారణములలో ముఖ్యములు. మన దేశమున నీ మందు వాడుకలో నున్నది.

ఇందుచేత రైతులు భయపడి వెంటనే దీనిని పాఱవైచి, ఎఱ్ఱగుఱుతు మందును పట్టుకొనరాదు. ఎఱ్ఱగుఱుతు విషము ఆ సాయంకాలమే ప్రాణము తీయగలదు. మన పల్లెలలో పురుగు మందు వలని మరణములలో అధికభాగము ఇట్టి తీవ్రవిషముల వలననే. దీర్ఘకాలపు కీడు తప్పించుకొనబోయి తక్షణపు కీడులో పడుట వివేకము కాదు. పచ్చగుఱుతు మందును గూడ విషముగానే యెంచి జాగ్రత్తపడుటయే వివేకము.

7. కాసరగోడు సాక్ష్యము

మన దేశమున దీనికి సంబంధించిన పెద్ద యుదంతము కేరళ రాష్ట్రమందలి కాసరగోడు జిల్లాలో జరిగినది. అక్కడి జీడిమామిడి తోటలపై ఇరువది యేండ్లకు పైగా, 2000 సంవత్సరము వఱకు, ఎండోసల్ఫాన్ అను పురుగు మందును హెలికాప్టర్లతో చల్లిరి. మన ప్రత్తి రైతులును ఆ మందును బాగుగ ఎఱుగుదురు. కొండవాలున తోటలు, దిగువను ఇండ్లు, బావులు, వాగులు. ఆ గ్రామములలో పిల్లలకు అంగవైకల్యములు, బుద్ధిమాంద్యము మొదలగు వ్యాధులు మిక్కుటముగా నున్నవని ప్రజలు మొఱపెట్టిరి.

అహమ్మదాబాదులోని జాతీయ వృత్తిసంబంధ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధకులు పది మొదలు పందొమ్మిది యేండ్ల బాలురను పరీక్షించిరి. మందు సోకిన గ్రామమున 117 మందిని, సోకని గ్రామమున 90 మందిని చూచి 2003లో ఫలితములు ప్రకటించిరి. సోకిన గ్రామపు బాలురకు ఈడు ఆలస్యముగా వచ్చుచుండెను; వయస్సుకు తగినంత పురుష హార్మోను లేదు; పిట్యూటరీ పంపు ఎల్.హెచ్. అను హార్మోను హెచ్చుగా నుండెను. మేస్త్రి గట్టిగా కేకవేయుచున్నను పనివాడు పని చేయలేకుండెనని దీని తాత్పర్యము.

ఇట్టి అధ్యయనము నొకదానినే పట్టుకొని తీర్పు చెప్పరాదన్నమాట నిజమే. మనుష్యులను ఎలుకలవలె బోనులో పెట్టి, కొందఱికి మందిచ్చి, కొందఱికి మాని చూడలేము. రెండు గ్రామముల నడుమ తిండి, కులవృత్తి, కలిమి మొదలగు భేదములు ఉండవచ్చును. కావుననే పశువులపై చేసిన పరీక్షలు, గాజుపాత్రలోని పరీక్షలు, మనుష్యులపై పరిశీలనలు మూడును ఒకే దిక్కును చూపుచున్నవా యని తూచవలెను. దావాలో ఒక్క సాక్షి మాట కంటె, ఒకరినొకరు ఎఱుగని ముగ్గురు సాక్షుల మాట ఏకమగుట బలవత్తరము గదా.

2011 మే 13న భారత సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకమును, వాడుకను నిలుపుచేసినది. అదే సంవత్సరము స్టాక్‌హోం ఒడంబడిక పట్టికలోనికి దానిని చేర్చిరి. బాధితులకు తలకు ఐదు లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ ప్రభుత్వమును ఆజ్ఞాపించెను. సాక్ష్యము సంపూర్ణమగువఱకు వేచియుండినచో దాని మూల్యమును ఎవరు చెల్లింతురో కాసరగోడు తల్లులను చూచిన తెలియును.

8. ఇంకను తీరని వాదములు

రెండు సంగతులపై పండితులలో ఇంకను వాదము జరుగుచున్నది. "మోతాదు తగ్గినకొలది కీడు తగ్గును" అనునది పాత సూత్రము. హార్మోనుల విషయమున మిక్కిలి స్వల్పమైన మోతాదు కొన్ని వేళల పెద్ద మోతాదు చేయని పనిని చేయవచ్చునని కొందఱును, దానికి రుజువు చాలదని కొందఱును చెప్పుచున్నారు. రెండవది కలగలుపు. పరీక్షలో సాధారణముగా ఒక్కొక్క రసాయనమునే చూతురు. రైతు మాత్రము ఒకే పంపులో మూడు మందులు కలుపును. ఒకే దారిని పనిచేయు రసాయనములు ఒక్కొక్కటి స్వల్పమైనను, కూడినప్పుడు హాని చేయగలవని ఎలుకలపై చూపిరి. ఈ వాదములు తీరువఱకు తక్కువగా సోకించుకొనుటయే మనకు రక్ష.

9. మనము చేయవలసినది

రైతు తన వంతుగా ఈ నియమములను పాటింపవలెను. అవసరము లేని పిచికారి మానుట మొదటి రక్ష. తెగులు కనబడని చేనికి తోటివాడు కొట్టినాడని కొట్టరాదు. గర్భవతులను, పాలిచ్చు తల్లులను, పిల్లలను మందు కలుపుటకు గాని, నీళ్లు మోయుటకు గాని, పిచికారి చేసిన చేనిలో వెంటనే కలుపు తీయుటకు గాని పంపరాదు. చేతితో కలుపక, తొడుగులు వేసికొని కఱ్ఱతో కలుపవలెను. పూడిన నాజిలును నోటితో ఊదరాదు. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు. కోతకు ముందు ఎన్ని దినములు విడువవలెనో చీటిపై చూచి, ఆ గడువు తప్పక పాటింపవలెను. ఆ మిరపకాయను తినునది మన పిల్లలే. ఖాళీ డబ్బాలను నీళ్లకును ధాన్యమునకును వాడరాదు.

సంఘము తన వంతుగా కొన్ని యేర్పాట్లు చేయవచ్చును. దుకాణమున మందులను పొడిగాను చల్లగాను ఉంచవలెను. తడి తగిలి గడ్డకట్టిన మాంకోజెబ్ పొడిని సభ్యులకు అమ్మరాదు. వచ్చిన తేదీ, గడువు తేదీ పుస్తకమున వ్రాసి, ముందు వచ్చినదానిని ముందు పంపవలెను. మందుతోపాటు తొడుగులను గూడ ఉంచి అమ్మవలెను. ఇతర దేశములలో నిషేధింపబడిన మందులు మన దుకాణమున ఏవేవి యున్నవో వ్యవసాయాధికారిని గాని, కృషి విజ్ఞాన కేంద్రము వారిని గాని పిలిచి సర్వసభ్య సమావేశమున అడుగవలెను. ఒక్క రైతు అడిగిన వినకపోవచ్చును. సంఘము అడిగిన జవాబు చెప్పక తప్పదు. సహకారము యొక్క బలము అప్పు తెచ్చుటలో మాత్రమే కాదు, ఇట్టి ప్రశ్నలు వేయుటలోను కలదు.

సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. డబ్బాపై రంగు గుఱుతు ఏ ప్రశ్నకు జవాబు చెప్పును? ఏ ప్రశ్నకు చెప్పదు?
2. ఒక రసాయనము హార్మోనులను చెఱచునని నిర్ణయించుటకు మూడు ప్రశ్నలేవి?
3. గాజుపాత్రలోని పరీక్షలో హాని కనబడలేదన్నంత మాత్రమున ఏల నిశ్చింతగా నుండరాదు?
4. మన గ్రామమున మందు కలుపు పనిలో స్త్రీలు, పిల్లలు ఎందఱున్నారు? ఈ పంటకాలమున వారిని తప్పించుట కేమి యేర్పాటు చేయుదము?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకమునను లేదు. అది సభ్యులే తమలో తాము విచారించి, తీర్మానపు పుస్తకమున వ్రాసికొనవలసినది.